ఎట్రుస్కన్ శవపేటికల మీద దంపతులు ఎందుకు నవ్వుతారు? ఆ బొమ్మలను బట్టి ఎంతవరకు చెప్పొచ్చు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. రోమ్‌లో విల్లా జూలియా మ్యూజియంలో మట్టితో చేసిన పెద్ద శవపేటిక చూశారు. దాని మీద భార్యాభర్తలు మంచం మీద పక్కపక్కనే ఒరిగి, నవ్వుతూ ఉన్నారు. ఎట్రుస్కన్లకు, అంటే రోమన్ల కంటే ముందు మధ్య ఇటలీలో వెలిగిన ప్రాచీన ప్రజలకు, చావంటే భయం లేదని, ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా హక్కులు ఉండేవని మీ గైడ్ చెప్పారు. ఆ రెండూ నిజమేనా అని అడిగారు. చివర్లో మీ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా రాశారు: "ఇద్దరూ లోపలే ఉన్నారా?"

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆ నవ్వును బట్టి చావు గురించి ఏమీ చెప్పలేం. వాళ్ళు ఒరిగిన మంచాన్ని బట్టి మాత్రం చాలా చెప్పొచ్చు. ఆ నవ్వు ఆ కాలపు శిల్పులందరూ పెట్టిన నవ్వు. భార్య భర్తతో కలిసి విందు మంచం మీద ఒరగడం మాత్రం ఎట్రుస్కన్ల సొంత సంగతి. ఇక హక్కుల విషయానికొస్తే, పెద్ద కుటుంబాల ఆడవాళ్ళకు గౌరవం, పేరు, నలుగురిలో స్థానం ఉండేవని ఈ బొమ్మలు గట్టిగానే చెబుతాయి. "సమాన హక్కులు" అనే మాట మాత్రం వాటిలో లేదు.

నేను కాల్చిన మట్టి శిల్పాలను బాగుచేసే పని ఇటలీలో నేర్చుకున్నాను, పద్నాలుగేళ్ళుగా అదే పని చేస్తున్నాను. చరిత్ర ప్రొఫెసర్‌ని కాదు. కాబట్టి వస్తువు చేతిలోకి వచ్చినప్పుడు ఏం కనిపిస్తుందో అక్కడి నుంచే చెప్తాను.

మీరు చూసిన ఆ పేటిక చెర్వేటెరి ఊరి బయట ఉన్న బండితాచ్చా శ్మశానంలో 1881లో దొరికింది. అప్పటికి అది దాదాపు 400 ముక్కలు. తయారైంది సుమారు క్రీ.పూ. 530-520 మధ్య. పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ. అంత పెద్ద మట్టి వస్తువును ఒకే ముద్దగా కాలిస్తే పగిలిపోతుంది. అందుకే మూతను రెండు సగాలుగా, పెట్టెను రెండు సగాలుగా చేసి విడివిడిగా కాల్చి కలిపారు. చెర్వేటెరి చుట్టుపక్కల దొరికేది మెత్తని టఫ్ రాయి. గదులు తొలచడానికి అది బాగుంటుంది గానీ, వేళ్ళు, జడలు చెక్కడానికి పనికిరాదు. అందుకే ఆ ఊరివాళ్ళు మట్టిలో అంత ఆరితేరారు. ఇలాంటి పేటికల మీద పని చేసినప్పుడు లోపలి వైపు చూడటం నాకు చాలా ఇష్టం. మట్టిని నొక్కుకుంటూ పోయిన వేళ్ళ గుర్తులు అక్కడ అలాగే ఉంటాయి. 2,500 ఏళ్ళ నాటి ఒక మనిషి బొటనవేలి గుంటలో నా బొటనవేలు పెట్టిన రోజు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

సరే, నవ్వు సంగతి. బాదం ఆకారపు కళ్ళు, పైకి తిరిగిన పెదవుల చివరలు, పూసల్లా దిగిన జడలు, ఇవన్నీ ఆ తరం గ్రీకు శిల్పంలో, ముఖ్యంగా ఇప్పటి టర్కీ పశ్చిమ తీరంలో ఉన్న అయోనియా శైలిలో కనిపిస్తాయి. గ్రీసులో దేవతలూ అలాగే నవ్వుతారు, యోధులూ అలాగే నవ్వుతారు. ముఖానికి ప్రాణం తేవడానికి శిల్పులు పట్టుకున్న పద్ధతి అది. దాన్ని చూసి "వీళ్ళు చావును నవ్వుతూ ఎదుర్కొన్నారు" అంటే శైలిని మనసు అనుకున్నట్టే.

ఇప్పుడు కిందికి రండి. నడుము దగ్గర శరీరం ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, కాళ్ళు చదునుగా పడి ఉంటాయి. శిల్పికి కాళ్ళ మీద ఆసక్తి లేదు. అతని శ్రద్ధంతా చేతుల మీదే. భర్త చెయ్యి భార్య భుజం మీద ఉంది. చేతులు ఏదో పట్టుకున్నట్టు ఉన్నాయి, కానీ పట్టుకున్న వస్తువులు పోయాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఇలాంటిదే ఇంకో పేటిక ఉంది, అదీ చెర్వేటెరిదే. అందులో భార్య భర్త అరచేతిలో సుగంధ తైలం పోస్తున్నట్టు ఉంటుందని అంటారు. ఇంకో చిన్న విషయం: మీరు చూసినదానిలో ఆమె కాళ్ళకు ముందు మొన పైకి తిరిగిన చెప్పులున్నాయి, అతనివి వట్టి కాళ్ళు. ఆమె తలకు మెత్తని టోపీ ఉంది. ఆ చెప్పులు, ఆ టోపీ ఆ కాలపు ఎట్రుస్కన్ పెద్దింటి ఆడవాళ్ళ వేషం. అంటే ముఖం అరువు తెచ్చుకున్నదే అయినా, వేషం, మంచం, ఆ చేతులు ఇంటివి.

అసలు విశేషం ఆ మంచం. మంచం మీద ఒరిగి విందు చేసే ఆచారం గ్రీసులోనూ ఉంది. కానీ అక్కడ ఆ గదిలోకి ఇంటి ఇల్లాలు రాదు. మగవాళ్ళు, వాళ్ళను అలరించడానికి పిలిపించిన ఆడవాళ్ళు మాత్రమే ఉంటారు. ఎట్రుస్కన్ ఇళ్ళలో భార్యే ఆ మంచం మీద ఉంది. ఇది చూసి గ్రీకులకు కడుపు మండింది. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపాంపస్, ఎట్రుస్కన్ ఆడవాళ్ళు తమ భర్తలు కాని మగవాళ్ళ పక్కన కూడా కూర్చుని భోంచేస్తారని, బాగా తాగుతారని, ఎవరికి కావాలంటే వాళ్ళకు పాత్ర ఎత్తుతారని రాశాడు. ఆ మాటలు నేరుగా దొరకలేదు, తర్వాతి రచయిత అథీనియస్ ఎత్తి రాసుకోవడం వల్ల మిగిలాయి. వాటిని ఎట్రుస్కన్ల చరిత్రగా చదవకండి. భార్యతో కలిసి విందు చెయ్యడం ఒక గ్రీకు మగవాడికి ఎంత వింతగా అనిపించిందో తెలుసుకోవడానికి చదవండి. ఎట్రుస్కన్లు రాసుకున్న చరిత్రలూ సాహిత్యమూ మనకు మిగల్లేదు. పొరుగువాళ్ళు చెప్పిన చాడీలకు ఈ మట్టి బొమ్మలే వాళ్ళిచ్చిన సమాధానం.

ఇంకో సాక్ష్యం పేర్లు. మొదటిసారి మా అమ్మను లండన్ బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్ళినప్పుడు సెయాంతి హనూనియా త్లెస్నాసా అనే ఆవిడ పేటిక ముందు నిలబెట్టాను. రంగులు ఇంకా మిగిలున్న మట్టి పేటిక, సుమారు క్రీ.పూ. 150-140 నాటిది. ఆవిడ దిండుకు ఆనుకుని, ఒక చేత్తో అద్దం పట్టుకుని, ఇంకో చేత్తో ముసుగు సర్దుకుంటూ ఉంటుంది. కింద పేరు రాసి ఉంది. మా అమ్మ వెంటనే "ఇది పుట్టింటి పేరా, అత్తింటి పేరా?" అని అడిగింది. అంతమందిని తిప్పాను గానీ అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. సెయాంతి అన్నది ఆవిడ పుట్టింటి వంశం. త్లెస్నాసా అంటే "త్లెస్నా వారి" అని, అంటే భర్త వైపు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోలేదు, భర్త పేరు పక్కన చేరింది, అంతే. రోమన్ ఆడపిల్లలకు సాధారణంగా తండ్రి వంశం పేరే పేరు. జూలియస్ ఇంట్లో ఆడపిల్ల పుడితే జూలియా, ఇద్దరు పుడితే పెద్ద జూలియా, చిన్న జూలియా. ఎట్రుస్కన్ ఆడవాళ్ళకు రామ్థా, థన్‌చ్విల్, వేలియా, లార్థీ అని సొంత పేర్లు ఉండేవి. మగవాళ్ళ సమాధి రాతల్లో తండ్రి పేరుతో పాటు తల్లి వంశం పేరు కూడా చాలాచోట్ల కనిపిస్తుంది.

అయితే ఇక్కడే ఆగండి. రాతల్లో 'జిలథ్' వంటి పదవుల పేర్లు వచ్చేది మగవాళ్ళకే. ఊరి పాలనలో ఆడవాళ్ళు ఉన్నట్టు సమాధులు చెప్పవు. తల్లి వంశం పేరు రాయడం కూడా తల్లికి అధికారం ఉందని చెప్పడానికి కాకపోవచ్చు. "మాకు రెండు వైపులా పెద్ద కుటుంబాలే" అని చాటుకోవడం కూడా కావచ్చు. తాత ముత్తాతల పేర్లు చెప్పుకోవడం వాళ్ళకు ఎంత ముఖ్యమో తర్క్వీనియా మ్యూజియంలో లారిస్ పులేనాస్ పేటిక చూస్తే అర్థమవుతుంది. ఆయన విందులో పాత్ర పట్టుకోలేదు. రెండు చేతులతో విప్పిన గ్రంథపు చుట్ట పట్టుకుని, తన వంశాన్ని, తాను చేసిన పనులను మనవైపు తిప్పి చూపిస్తున్నాడు. దాని మీది ఎట్రుస్కన్ రాత ఇప్పటికీ కనిపిస్తుంది.

ముఖాలు నిజమైన పోలికలేనా? ఇది మీరు అడగలేదు గానీ, దీన్ని వదిలేస్తే మిగతాది తప్పుగా అర్థమవుతుంది. సెయాంతి గారి ఎముకలు పేటికలోనే దొరికాయి, ఇది చాలా అరుదు. వాటిని పరీక్షించి, మాంచెస్టర్‌లో ఆమె ముఖాన్ని తిరిగి తయారు చేశారు. చనిపోయేనాటికి ఆవిడకు 50 దాటాయి. చిన్న వయసులో పెద్ద దెబ్బ తగిలి కుడి తుంటి దెబ్బతిన్నది, గుర్రం మీంచి పడటం వల్ల కావచ్చని అంటారు. అంటే చివరి ఏళ్ళలో నడక కూడా కష్టంగానే సాగి ఉంటుంది. పేటిక మీద ఆవిడ మాత్రం నున్నటి చర్మంతో, నగలతో, ఇంకా పడుచుగానే ఉంటుంది. అయినా పుర్రె నుంచి తయారు చేసిన ముఖానికీ, మట్టి ముఖానికీ ఒక పోలిక ఉంది. శిల్పికి ఆవిడ తెలిసి ఉండాలి, లేదా తెలిసినవాళ్ళు పక్కన ఉండి చెప్పి ఉండాలి. వయసును, నొప్పిని తీసేసి మనిషిని ఉంచాడు. మన ఇళ్ళల్లో గోడకు పెట్టుకునే ఫోటో కోసం ఏ ఫోటో వెతుకుతామో గుర్తు చేసుకోండి. ఆసుపత్రిలో తీసింది ఎవరూ ఎంచుకోరు.

పాత్రనే మనిషిగా చూడటం వాళ్ళలో చాలా పాతది. క్రీ.పూ. 9వ, 8వ శతాబ్దాల్లో అస్థికలు పెట్టిన మట్టి కుండల మీద కొన్నిసార్లు మూతగా శిరస్త్రాణం పెట్టేవాళ్ళు. కొన్నిటిని చిన్న గుడిసెలాగే చేసేవాళ్ళు. క్రీ.పూ. 7వ శతాబ్దానికి క్యూసి ప్రాంతంలో కుండ మూత తల అయింది, పిడులు చేతులయ్యాయి, మొత్తాన్ని ఒక కుర్చీ మీద కూర్చోబెట్టారు. దహనంలో పోయిన శరీరాన్ని కుండతో తిరిగి కట్టారన్నమాట. నాకు ఎట్రుస్కన్ల మీద ప్రేమ పుట్టింది పెద్ద పేటికల వల్ల కాదు, కుర్చీలో కూర్చున్న ఈ కుండల వల్లే.

ఇక భయం సంగతి. మీ గైడ్ చెప్పినదానికి ఇంకో సగం కూడా ప్రచారంలో ఉంది: తొలిరోజుల్లో ఎట్రుస్కన్లు ఆనందంగా ఉండేవాళ్ళు, రోమ్ చేతిలో ఓడిపోవడం మొదలయ్యాక సమాధుల్లో దయ్యాలు వచ్చాయి అని. క్రీ.పూ. 396లో వేయీ అనే ఎట్రుస్కన్ నగరం రోమ్ చేతికి పోయింది నిజమే. 4వ శతాబ్దం నుంచి సుత్తి పట్టుకున్న చరున్, రెక్కలతో దివిటీ పట్టుకున్న వాంథ్ అనే ఆడ దేవత ఎక్కువగా కనిపించడమూ నిజమే. కానీ వాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. తర్క్వీనియాలోని అనీనా కుటుంబ సమాధిలో తలుపుకు అటూ ఇటూ నిలబడి ఉంటారు. అస్థికల పెట్టెల మీద చాలాచోట్ల పోయినవాళ్ళ పక్కన నడుస్తుంటారు, దారి చూపిస్తుంటారు. వాళ్ళ పని ఎక్కువగా కాపలా, తోడు. నా అభిప్రాయంలో ఇది భయం పెరగడం కంటే, ప్రయాణం గురించి వివరంగా చెప్పాలనే కోరిక. ఎందుకంటే అదే పెట్టె మూత మీద మనిషి ఇంకా దిండుకు ఒరిగి విందులోనే ఉంటాడు. పెట్టె ముందు పలక మీద ప్రయాణం, మూత మీద విందు, రెండూ కలిసే ఒక మాట.

వోల్తెర్రాలో గ్వార్నాచ్చి మ్యూజియం ఉంది, 1761లో ఊరికి ఇచ్చిన సేకరణ అది. 600కు పైగా అస్థికల పెట్టెలు, చాలావరకు అక్కడ దొరికే అలబాస్టర్ రాయివి. వీలైతే ఒక పూర్తి రోజు అక్కడ ఉండండి. ముందు పలకల మీద కప్పు వేసిన బండిలో వెళ్తున్న ఆడవాళ్ళు, గుర్రం మీద సాగిపోతున్న మగవాళ్ళు, ట్రాయ్ యుద్ధం, గ్రీకు పురాణంలో ఒకరినొకరు చంపుకున్న థీబ్స్ నగరపు అన్నదమ్ములు. మూతల మీద తల పెద్దగా, ఒళ్ళు చిన్నగా ఉంటుంది. ఎవరో పోల్చుకోవాల్సింది ముఖాన్నే కదా. కొందరు మగవాళ్ళకు బొజ్జలు ఉంటాయి. రోమన్ కవులు "లావుపాటి ఎట్రుస్కన్" అని ఎగతాళి చేశారు. చెక్కించుకున్నవాళ్ళకు మాత్రం అది నిండైన ఇంటి గుర్తు.

అక్కడే మట్టితో చేసిన ఒక ముసలి దంపతుల మూత ఉంది, క్రీ.పూ. 1వ శతాబ్దానిది. ముఖాల నిండా ముడతలు. ఆవిడ మెడ తిప్పి ఆయన ముఖంలోకే చూస్తోంది, ఆయన ముందుకు చూస్తున్నాడు. ఒకసారి నాతో వచ్చిన ఒక పెద్దావిడ దాని ముందు ఆగి, "ఆవిడ ఏదో అడిగింది, ఆయన ఇంకా జవాబు చెప్పలేదు" అన్నారు. మీరు చూసిన చెర్వేటెరి దంపతులకూ వీళ్ళకూ మధ్య 400 ఏళ్ళకు పైనే తేడా. నవ్వు పోయింది, ముడతలు వచ్చాయి, శైలి పూర్తిగా మారింది. మంచం మీద ఇద్దరూ మాత్రం కదల్లేదు. అందుకే ముఖం కంటే మంచాన్ని పట్టుకోమని మొదట్లో అన్నాను.

ఇక్కడ నా పనిలో తగిలిన ఒక జాగ్రత్త చెప్పాలి. మూతా, పెట్టే ఒకరివే అని ముందే అనుకోవద్దు. ఒకప్పుడు సమాధులు తవ్వినవాళ్ళు అన్నిటినీ బయటికి లాగి, ఏ మూత దేని మీదిదో రాసుకోలేదు. తర్వాత మ్యూజియంలో సరిపోయినట్టు అనిపించిన పెట్టె మీద పెట్టారు. నేను చదువుకునే రోజుల్లో ఒక పెట్టెను వారం రోజులు గీసుకుంటూ, ముందు పలక మీది కథకూ మూత మీది ఆవిడకూ సంబంధం ఏమిటో ఒక వ్యాసమే రాసుకున్నాను. కొలతలు తీసుకుంటుంటే మూత పెట్టె కంటే రెండు వేళ్ళు పొడవుందని తేలింది. ఆ వ్యాసం పక్కన పెట్టేశాను. అప్పటి నుంచి ముందు టేపు, తర్వాతే ఆలోచన.

నకిలీలు కూడా ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1915-1921 మధ్య కొన్న మూడు పెద్ద మట్టి యోధుల విగ్రహాలు ఎన్నో ఏళ్ళు ఎట్రుస్కన్ల గొప్పతనానికి ఉదాహరణగా పుస్తకాల్లో ఉన్నాయి. 1961లో అవి నకిలీవని మ్యూజియమే ప్రకటించింది. పూతలో ఆ కాలంలో వాడని మాంగనీస్ దొరికింది. చేసినవాళ్ళలో ఒకడైన ఆల్ఫ్రెదో ఫియొరవాంతి ఒప్పుకుని, ఒక విగ్రహానికి లేని బొటనవేలిని తెచ్చి చూపించాడు, సరిగ్గా అతికింది. అంత పెద్దవి పట్టే బట్టీ వాళ్ళకు లేక, విగ్రహాలను ముక్కలు చేసి కాల్చారు. చెర్వేటెరి కుమ్మరులు పేటికను ఎక్కడ విడదీయాలో ముందే ఆలోచించుకుని చేశారన్నది దీని పక్కన పెట్టి చూడండి.

ఎవరి జీవితం ఇది అనేది కూడా గుర్తుంచుకోవాలి. ఇంత పెద్ద పేటికలు కొద్ది కుటుంబాలవి. తర్క్వీనియా మోంతెరోజ్జి శ్మశానంలో 6,000 సమాధులుంటే, రంగుల చిత్రాలున్నవి 200 మాత్రమే. కింది వర్గాల మాట వినాలంటే క్యూసిలో క్రీ.పూ. 2వ శతాబ్దంలో అచ్చుల్లో పోసిన చిన్న మట్టి పెట్టెలు చూడాలి. నాగలి పట్టి పోరాడే వీరుడు, థీబ్స్ అన్నదమ్ములు, ఇవే రెండు మూడు దృశ్యాలు వందల పెట్టెల మీద. మూత మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి. పేర్లలో 'లౌత్ని' అనే మాట కనిపిస్తుంది, అంటే బానిసత్వం నుంచి విడుదలైనవాడు. అతని దగ్గర డబ్బు తక్కువే. అయినా పేరు రాసిన పెట్టె కావాలనుకున్నాడు, రంగు వేయించుకున్నాడు. మ్యూజియంలో జనం వీటిని పట్టించుకోకుండా వెళ్ళిపోతుంటే నాకు బాధేస్తుంది.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. విల్లా జూలియా పేటిక పరిమాణం చూస్తే మనిషి పడుకునేంత ఉన్నా, అది దహనం తర్వాత అస్థికలు దాచడానికి చేసిందేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కాబట్టి "ఇద్దరూ ఉన్నారా" అంటే, ఉండి ఉంటే బూడిదగా, ఎముకల ముక్కలుగా ఉండి ఉంటారు. సమాధి అప్పటికే దెబ్బతిని, పేటిక ముక్కలైంది కాబట్టి లోపలివి మిగల్లేదు. ఇద్దరినీ నిజంగా కలిపి చూడాలంటే అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో వుల్చి ఊరి నుంచి వెళ్ళిన రెండు రాతి పేటికలు ఉన్నాయి. రామ్థా విష్నాయి, ఆర్న్థ్ తెత్నియెస్ ఒకదాని మీద, వాళ్ళ కొడుకు లార్థ్, కోడలు థన్‌చ్విల్ తార్నాయి రెండోదాని మీద. వీళ్ళు విందులో లేరు. ఒకే దుప్పటి కింద పడుకుని, ఒకరినొకరు పట్టుకుని, ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తున్నారు. అత్తమామలవీ, కొడుకు కోడళ్ళవీ పేర్లు రాతి మీద ఉన్నాయి. మీ అమ్మాయికి ఆ ఫోటోలు చూపించండి.